బడి నడుస్తుండగా పని: పిల్లలు పీల్చే గాలి సంగతి

జూన్ 12న బడులు తెరుస్తారు. చాలాచోట్ల ఆ రోజుకి పని పూర్తయి ఉండదు. పైన కొత్త అంతస్తుకి సెంట్రింగ్ విప్పుతుంటారు. కింద ఒకటో తరగతి కిటికీ ఊచలకి వేసిన ఎనామెల్ ఇంకా ఆరుతూ ఉంటుంది. పక్క బ్లాకు డాబా మీద నీళ్లు కారకుండా తారు కాచి పోస్తుంటారు. వారం తిరక్కుండా తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ రాస్తుంది, మా పాప రోజూ తలనొప్పంటోంది, మీ వాళ్లకీ ఉందా అని. ఇంకో నలుగురు ఉందంటారు. బడికి వెళ్లి అడిగితే వచ్చే జవాబు దాదాపు అన్నిచోట్లా ఒకటే: "రెండు రోజులాగండమ్మా, వాసన పోతుంది. కట్టేదీ మీ పిల్లల కోసమే కదా."

ఆ మాటలో అబద్ధం లేదు. వాసన పోతుంది, కట్టేది పిల్లల కోసమే. అయినా తల్లి అడిగినదానికి జవాబు రాలేదు. ఆ రెండు రోజులూ పిల్లలు పీల్చేదేమిటి, దాన్ని తప్పించే దారి ఉందా అన్నది ఆవిడ ప్రశ్న. దీనికి జవాబు చెప్పడం నిజానికి పెద్ద కష్టం కాదు. వాసన సంగతి కాసేపు పక్కన పెట్టి, వాడుతున్న సరుకు ఏమిటో చూడాలి.

డబ్బాలో ఉన్నదంతా గాలిలోకే

రంగులు రెండు రకాలు. డిస్టెంపర్, ఎమల్షన్ లాంటివి నీళ్లతో కలుపుతారు. ఎనామెల్, వార్నిష్, చెక్క పాలిష్ లాంటివాటికి థిన్నరో టర్పెంటైనో కావాలి. గోడలకి మొదటి రకం, తలుపులకి, కిటికీ ఊచలకి, బెంచీల ఇనుప కాళ్లకి రెండో రకం వాడతారు. థిన్నర్‌లో సాధారణంగా టొలుయిన్, జైలీన్ లాంటి ద్రావకాలుంటాయి. రంగు ఆరేటప్పుడు ఆ ద్రావకం ఆవిరై గాలిలో కలుస్తుంది. అంటే డబ్బాలో పోసిన ద్రావకమంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ గది గాలిలోకి రావలసిందే. ఎంతసేపట్లో వస్తుంది, వచ్చింది ఎటు పోతుంది, ఆ సమయానికి గదిలో ఎవరున్నారు అన్నదాన్నిబట్టి హాని ఉంటుంది. ఎండకి కాగిన గోడ నుంచి ఆవిరి తొందరగా వస్తుంది. ఇలా మామూలు వేడికే ఆవిరైపోయే కర్బన రసాయనాలన్నిటినీ కలిపి వీఓసీలంటారు. పెయింటు డబ్బాల మీద ఈ మధ్య కనిపిస్తున్న మాట అదే. పాత రంగుని రసాయనాలతో కరిగించి గీకే పనిలోనూ, ఆ తరవాత కొన్ని గంటలపాటూ, గదిలో వీటి మోతాదు బయటి గాలిలో కంటే వెయ్యి రెట్లు ఉండొచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది.

కొత్త బీరువాలు, ప్లైవుడ్ బల్లలు, పార్టికల్ బోర్డు అరలది ఇంకో కథ. వాటిని అతికించే జిగురులో నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. కళ్లు, ముక్కు, గొంతు మండిస్తుంది. గది గాలిలో ఇది అరగంట సగటున ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించింది. రంగు వాసన పోయిన నెలకి కూడా పిల్లల కళ్లు మండుతుంటే అనుమానించవలసింది కొత్త ఫర్నిచర్‌ని.

తారుది మంట మీద పని. 150 డిగ్రీలు దాటి కాగినప్పుడు పైకి లేచే పొగలో సన్నటి తారు తుంపరలు, అనేక హైడ్రోకార్బన్లు ఉంటాయి. పొయ్యి డాబా మీదే ఉన్నా, కింద ఆవరణలో ఉన్నా, గాలివాలున తరగతి కిటికీలుంటే పొగ నేరుగా లోపలికే. చెదల మందు సంగతి చాలామంది తల్లిదండ్రులకి తట్టదు. పునాది దగ్గర, గోడ అంచుల్లో రంధ్రాలు చేసి పోసే ఆ మందు సాధారణంగా క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగుమందే. పొలంలో కొట్టినప్పుడు పిల్లల్ని ఆ దరికి రానివ్వం. గదిలో పోసినప్పుడూ అంతే జాగ్రత్త ఉండాలి.

డీజిల్ జనరేటర్ పొగ, వెల్డింగ్ పొగ, టైల్సూ గ్రానైటూ కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము, ఈ మూడింటినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. ఫార్మాల్డిహైడ్ కూడా ఆ వర్గంలోనే ఉంది. ఈ మాట చదవగానే గుండె జారనక్కరలేదు. ఆ వర్గీకరణ సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది, మీ పాపకి ఎంత ముప్పో చెప్పదు. ఆ సాక్ష్యం ఎక్కువగా ఏళ్ల తరబడి ఆ పనిలోనే ఉన్న కార్మికుల మీద చేసిన పరిశీలనల్లోంచి వచ్చింది. నాలుగు రోజులు తరగతిలో వాసన పీల్చిన పిల్లకి ముందుగా వచ్చేవి తలనొప్పి, వికారం, కళ్ల మంట, దగ్గు. ఆస్తమా ఉన్న పిల్లలకైతే ఆయాసం ఎగదన్నవచ్చు. అసలు జాగ్రత్త పడవలసింది ఆ పిల్లల గురించి.

ముక్కు చెప్పనివి

వాసన మంచి హెచ్చరికే గాని, కొలబద్ద కాదు. కొన్ని రసాయనాలు హాని చేసే మోతాదుకి చాలా ముందే ఘాటుగా తెలుస్తాయి. కొన్నిటికి వాసనే లేదు. పైగా ముక్కు అలవాటు పడుతుంది. పొద్దున గదిలోకి అడుగుపెట్టినప్పుడు కొట్టిన వాసన, రెండో పీరియడ్‌కి తెలియకుండా పోతుంది. గాలి అంతే ఉంటుంది. అందుకే "మాకేం వాసన రావడం లేదే" అని అదే ఆవరణలో పొద్దంతా ఉన్నవాళ్లు అంటే, వాళ్లు నిజమే చెబుతున్నా అది రుజువు కాదు. ఘాటుగా ఉంది కాబట్టి విషమే అన్న తల్లిదండ్రుల మాటా రుజువు కాదు.

వాసన లేనివాటిలో తక్షణ ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. మూసిన షెడ్డులోనో మెట్ల కిందో జనరేటర్ పెడితే అది పేరుకుంటుంది. ఒకే గదిలో ఒకేసారి పలువురు పిల్లలకి తలనొప్పి, మగత, వాంతులు వచ్చాయంటే మీటింగులు పెట్టే సమయం కాదు. అందరినీ వెంటనే బయటికి తెచ్చి, జనరేటర్ ఆపి, 108కి ఫోన్ చేయాలి.

నెమ్మదిగా చేసే హానిలో పాత భవనాలది పెద్ద పాత్ర. మన దేశంలో ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పదిలక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామెల్ పొరల్లో సీసం ఎంతుందో చూసి చెప్పలేం. తలుపుల్ని, ఊచల్ని ఎమరీ కాగితంతో పొడిగా రుద్దితే ఆ పాత పొరలన్నీ దుమ్మై బల్లల మీద, నేల మీద, పిల్లల వేళ్ల మీద పడతాయి. ఆ వేళ్లతోనే మధ్యాహ్న భోజనం. పిల్లల మెదడుకి హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక పాత సిమెంటు రేకుల షెడ్లు. చాలావరకు ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ నారలుంటాయి. రేకు కదలకుండా ఉన్నంతకాలం సరే. సుత్తితో పగలగొట్టి కిందపడేస్తే ఆ నారలు గాలిలోకి లేస్తాయి. రేకులు విప్పే పని ఉంటే పిల్లలు లేని రోజున, నీళ్లతో తడిపి, పగలకుండా ఒక్కొక్క రేకునే దించాలి. పెయింటు వాసన మీద గొడవపడే తల్లిదండ్రులు రంగు గీకుడు గురించీ రేకుల గురించీ అడగడం అరుదు. నన్నడిగితే ముందు అడగవలసినవి ఈ రెండే.

పిల్లలకి ఎందుకు ఎక్కువ

పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటే ప్రాథమిక బడి వయసు పిల్లలు 18 నుంచి 30 సార్లు తీసుకుంటారు. ఒంటి బరువుతో పోల్చి చూస్తే అదే గదిలో వాళ్ల లోపలికి వెళ్లేది మనకంటే ఎక్కువ. ఊపిరితిత్తులు కౌమారం దాటేదాకా పెరుగుతూనే ఉంటాయి. వీటన్నిటికీ మించిన సంగతి మరొకటుంది. టీచరుకి తల తిరిగితే వరండాలోకి వెళ్లగలరు. రెండో తరగతి పిల్ల చెయ్యెత్తి అడగాలి, అడగడానికి తనకేమవుతోందో తెలియాలి, తెలిసినా తిడతారేమోనని ఊరుకోకూడదు. ఆ పిల్ల కదలకుండా ఆరేడు గంటలు అక్కడే కూర్చుంటుంది.

గాలి ఎటు పోతోంది

పట్టణాల్లో ప్రైవేటు బడులు చాలావరకు అపార్టుమెంటు తరహా భవనాల్లో ఉన్నాయి. మధ్యలో మెట్లు, ఇరువైపులా గదులు, గదుల్లో ఏసీలు. కింద రంగు వేస్తే ఆవిరి మెట్ల దారిన పై అంతస్తులకి పాకుతుంది. ఏసీ ఉంది కాబట్టి మా గదుల్లోకి రాదని కొందరు యజమానులు భరోసా ఇస్తారు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు. గదిలో గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ వదులుతుంది. తలుపు సందుల్లోంచి చేరిన ఆవిరి ఆ గదిలోనే తిరుగుతూ ఉంటుంది. పెద్ద కిటికీలు, ఎత్తు కప్పు, వరండా ఉన్న పాత ప్రభుత్వ బడి ఈ విషయంలో నయం.

దీనికి విరుగుడు కూడా గాలి దారి మార్చడంలోనే ఉంది. పని జరిగే గది తలుపుకి ప్లాస్టిక్ షీటు బిగించి అంచులు టేపు వేసి, అదే గది బయటి కిటికీలో ఎగ్జాస్టు ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టాలి. అప్పుడు గాలి తరగతుల వైపు నుంచి పని గదిలోకి, అక్కడి నుంచి బయటికి లాగబడుతుంది. వంటింట్లో ఎగ్జాస్టు తిరుగుతుంటే పోపు ఘాటు హాల్లోకి రాకుండా పోయినట్టే. చాలా బడుల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తారు. పని గది కిటికీలు మూసి, వరండా వైపు తలుపు తెరిచి, లోపల టేబుల్ ఫ్యాను పెడతారు. ఆవిరంతా వరండాలోకే.

పిల్లలకి మాస్కులు పెట్టి పంపడం వల్ల ఉపయోగం తక్కువ. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు దేన్నీ సరిగా ఆపవు. ఎన్-95 దుమ్ముని ఆపుతుంది గాని థిన్నర్ ఆవిరిని ఆపదు. గాలి శుభ్రం చేసే యంత్రాలు కూడా అంతే, లోపల యాక్టివేటెడ్ కార్బన్ తగినంత ఉంటే తప్ప ఆవిర్ల మీద పనిచేయవు. అగరొత్తులు, కర్పూరం, రూం స్ప్రేలు ఉన్న పొగకి ఇంకో పొగని చేరుస్తాయి. కోసిన ఉల్లిపాయలు, నీళ్ల బకెట్లు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, గాలి మీద వాటి ప్రభావం లెక్కలోకి రాదు. కిటికీలు తీయడం, ఫ్యాన్లు బయటికి తిప్పడం, సమయం ఇవ్వడం, ఇవే పనిచేసేవి. రంగు వేసిన గదిని రెండు మూడు రోజులపాటు బాగా గాలాడనివ్వాలన్నది ఈపీఏ సూచన. ఎనామెల్ వేసిన గదికి అంతకంటే ఎక్కువే ఇవ్వడం మంచిది. తక్కువ వీఓసీ రంగు వాడమని అడగండి. అయితే "వాసన రాని" రంగూ "వీఓసీ తక్కువ" రంగూ ఒకటి కావు. డబ్బా మీద లీటరుకి ఇన్ని గ్రాములని అంకె ఉందేమో చూడాలి.

ఏమని అడగాలి

వాట్సాప్‌లో నూటయాభై సందేశాల తరవాత నలభై మంది గేటు ముందు చేరితే యాజమాన్యం బెదురుతుంది, మేస్త్రీని రెండు రోజులు ఆపుతుంది, తరవాత మళ్లీ మొదలు. ఒక పేజీ ఉత్తరం ఇంతకంటే దూరం వెళుతుంది. అందులో మూడు సంగతులు అడగాలి. ఏ సరుకు వాడుతున్నారు, కంపెనీ పేరు, రకం పేరుతో సహా? ఏ గదిలో, ఏ తేదీల్లో, ఏ గంటల్లో? ఆ గాలి తరగతుల్లోకి రాకుండా ఏం చేశారు? రంగులకి, జిగురుకి, చెదల మందుకి తయారీదార్లు సేఫ్టీ డేటా షీటు అని ఒక కాగితం ఇస్తారు. అందులో ఏముంది, పీలిస్తే ఏమవుతుంది, గాలి ఎలా ఆడాలి అన్నీ రాసి ఉంటాయి. కాంట్రాక్టరు దగ్గర లేకపోయినా పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో దొరుకుతుంది. దాని నకలు అడగండి. ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి.

ఉత్తరంతోపాటు ఒక చిన్న పట్టిక ఉంటే బలం వస్తుంది. ఏ తేదీన ఏ పని జరిగింది, ఏ తరగతిలో ఎంతమందికి ఏ ఇబ్బంది వచ్చింది, ఇంటికొచ్చాక ఎంతసేపటికి తగ్గింది. సెలవు రోజున తగ్గి, బడికి వెళ్లిన రోజున తిరగబెడుతోందంటే ముఖ్యమైన ఆధారం అదే. వైద్యుడికి చూపించినప్పుడు బడిలో ఏ పని జరుగుతోందో కూడా చెప్పండి, చీటీలో రాయమనండి. ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్ సంచిలో ఉందా, క్లాస్ టీచరుకి ఆ సంగతి తెలుసా అన్నది పని మొదలవకముందే చూసుకోవాలి.

ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రులు బయటినుంచి అడిగేవాళ్లు కారు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సగంమంది స్త్రీలు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన 'మన బడి: నాడు-నేడు' తొలి విడతలో 15,715 బడుల్లో పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు. తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో మొదలుపెట్టిన 'మన ఊరు-మన బడి'లోనూ యాజమాన్య కమిటీలకి భాగం ఉండేది. రెండింటిలోనూ రంగులు వేయడం ఒక అంశంగా ఉండేది. ఇకముందు చేసే పనుల్లోనూ ఏ రంగు, ఎప్పుడు అన్నది కమిటీ సమావేశంలో తీర్మానంగా రాయించవచ్చు. బిల్లులు ఎప్పుడొస్తే అప్పుడు పని చేయడం ప్రభుత్వ పనుల్లో మామూలై, సెలవుల్లో కావలసింది ఆగస్టులోకి జరుగుతోంది. తీర్మానం ఉంటే అలా జరిగినప్పుడు నిలదీయడానికి కమిటీకి ఆధారం ఉంటుంది. ఏ సరుకు కొన్నారో తెలియకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది.

ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకి ఆ 21వ సెక్షన్ వర్తించదు. అయినా యజమాని ఇష్టమని కాదు. 2004లో తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో ఒక బడిలో మంటలు చెలరేగి 90 మందికి పైగా పసివాళ్లు చనిపోయారు. ఆ నేపథ్యంలో నడిచిన అవినాశ్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో, చదువుకునే హక్కులో సురక్షితమైన బడి హక్కు కూడా ఉందని తేల్చింది. ఆ హక్కు ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ ఒకటే. దుమ్ము విషయంలో 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ఉంది. గాలిలో ధూళి పరిమితి దాటిన పట్టణాల్లో నిర్మాణ సామగ్రిని ఆరుబయట కోయడం, గ్రైండింగ్ చేయడం కుదరదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నల్గొండ ఆ కోవలోకి వచ్చిన పట్టణాలే. బడి వినకపోతే మండల విద్యాధికారి, ఆపైన జిల్లా విద్యాధికారి. కలెక్టరేట్లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. పొగ, దుమ్ము గురించి కాలుష్య నియంత్రణ మండలికి రాయవచ్చు. అప్పటికీ కదలిక లేకుంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద జనం ఆరోగ్యానికి చేటు చేసే పనిని ఆపమని ఆదేశించే అధికారం ఆర్డీవోకి ఉంది. చాలా గొడవలు అంతదాకా వెళ్లవలసిన అవసరం లేదు. హెడ్మాస్టరూ, మేస్త్రీ, ఇద్దరు తల్లిదండ్రులూ ఒక బల్ల చుట్టూ కూర్చుని పని గంటలు మార్చుకుంటే సగం సమస్య తీరుతుంది.

ఆ బల్ల దగ్గర మేస్త్రీని కూర్చోబెట్టడం మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. ఈ ఆవిర్లని అందరికంటే ఎక్కువ పీల్చేది పెయింటరూ, అతనికి డబ్బాలందించే కుర్రాడూ. పెయింటరు పనిని కూడా ఐఏఆర్‌సీ క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. కొన్నిచోట్ల ఆ పనివాళ్ల పిల్లలు అదే బడిలోనో, ఇసుక కుప్ప పక్కనో ఉంటారు. మీ ఉత్తరంలో వాళ్లకి సరైన మాస్కులివ్వాలని, రాయి తడిపి కోయాలని కూడా రాయండి. తడిపి కోస్తే దుమ్ము కోసేవాడికీ తగ్గుతుంది, తరగతికీ తగ్గుతుంది.

ఇంకొక్క మాట. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా బడిలో పిల్లలుండరు. గీకడం, చెదల మందు, తారు, ఎనామెల్, రేకులు దించడం అన్నీ ఆ నెలన్నరలో ఇమిడిపోతాయి. మిగిలితే దసరా, సంక్రాంతి సెలవులున్నాయి. అయితే ఎస్టిమేట్లు వేసేది, కాంట్రాక్టరుతో మాట్లాడుకునేది సెలవులకి ముందే. కాబట్టి జూన్‌లో తలనొప్పి వచ్చేదాకా ఆగకండి. వచ్చే వేసవిలో మీ బడిలో ఏ పని ఉందో సంక్రాంతి అయ్యాక కనుక్కోండి, ఉత్తరం మార్చిలోపు ఇవ్వండి.